ఎర్ర డబ్బా మూత

మార్చి 3, సోమవారం

నాకు అసూయ లేదు. మందుల కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఈ డైరీ రెండు నెలలుగా బీరువాలో ఊరికే పడి ఉంటే, ఈ ఒక్క ముక్క రాసుకుందామని బయటికి తీశాను. అసూయ లేదు. చిరాకు ఉంది. చిరాకు వేరు.

ఇరవై రెండేళ్ళుగా ఎమర్జెన్సీ గదిలో పని చేస్తున్నాను. అక్కడ నా పేరు ఎవరికీ గుర్తుండదు, అందరికీ నేను 'సెలైన్ అక్క'నే. రక్తమంతా కారిపోయి, నరాలు అణిగిపోయి, డాక్టర్లు కూడా చేతులెత్తేసిన మనిషికి ఒక్క గుచ్చుతో సూది పెట్టేది నేను. రెండు చేతులకీ రెండు లావుపాటి సూదులు, చెరొక లీటరు సెలైన్, బ్యాగుని రెండు చేతులా పిండుతూ లోపలికి పంపడం. పడిపోయిన బీపీ అలా అలా లేస్తుంటే చూడటానికి ఎంత బాగుంటుందో నాకే తెలుసు.

ఇవాళ మీటింగు హాల్లో మైకు పట్టుకున్నది ఎవరు? మా తోటికోడలు. మరిది పెళ్ళాం. బ్లడ్ బ్యాంకులో చేరి మూడేళ్ళు కూడా కాలేదు. వేదిక మీద సూపరింటెండెంట్ పక్కన కుర్చీ.

"కారిపోతోంది రక్తం. మనం పోసేది ఉప్పునీళ్ళు. పాలల్లో నీళ్ళు కలిపితే ఏమవుతుంది? మిగిలిన రక్తం పలచబడిపోతుంది, ఒళ్ళు చల్లబడుతుంది, ఇక గడ్డకట్టదు. అందుకని సెలైన్ తగ్గించి, రక్తమే ముందు ఎక్కించాలి," అంది. బాగా చెప్పింది, కాదనను. తర్వాత ఒక ఉదాహరణ చెప్పింది. పోయిన ఏడాది మన దగ్గరికే వచ్చిన గోడ కూలిన కేసు. అరగంటలో నాలుగు లీటర్ల సెలైన్ పోశారు, బీపీ కాగితం మీద బాగానే ఉంది, మనిషి దక్కలేదు అని.

ఎవరు పోశారో చెప్పలేదు. చెప్పక్కర్లేదు కదా. హాలంతా నా వైపు తిరిగింది. మా ఆయా కూడా తిరిగింది.

ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా.

మార్చి 4

మా ఇంట్లో మేం కింద, వాళ్ళు పైన. అత్తయ్య రెండు చోట్లా. పొద్దున్న ఆవిడకి బీపీ చూద్దామని పరికరం తీసుకెళితే, "ఇప్పుడే చూసి వెళ్ళిందమ్మా చిన్నది. దాని చెయ్యి మెత్తన," అంది. పదమూడేళ్ళుగా నేను చూస్తున్నాను. ఇన్నాళ్ళూ నా చెయ్యి గరుకుగా ఉందని ఒక్క ముక్క అనలేదు.

ఆయనతో చెప్పుకుంటే నవ్వారు. "ఇంట్లో ఇద్దరూ రక్తం గురించే మాట్లాడితే మేం అన్నం తినేది ఎలాగే?" అన్నారు. ఈయనతో చెప్పడం నాదే బుద్ధి తక్కువ.

మార్చి 6

ఎర్ర డబ్బా ఇవాళ మొదటిసారి మా గదిలోకి వచ్చింది.

మంచు దిమ్మలు సర్దిన పెద్ద ప్లాస్టిక్ పెట్టె. ఫోను చేసిన ఆరో నిమిషానికి తెచ్చేస్తారు. లోపల ఎవరికైనా ఎక్కించగలిగే 'ఓ' గ్రూపు రక్తం నాలుగు బ్యాగులు, ప్లాస్మా నాలుగు. రోగి రక్తంతో కలిపి చూసే పరీక్ష కోసం నలభై నిమిషాలు ఆగక్కర్లేదు. ప్రతి బ్యాగుకీ ఒక తెల్ల చుక్క అంటించి ఉంటుంది. చల్లదనం పోతే చుక్క ఎర్రబడుతుంది, ఎర్రబడితే ఆ బ్యాగు చెత్తలోకి. మూత పెట్టి ఉంటే నాలుగు గంటలు ఢోకా లేదట. మూత లోపలి వైపు నల్ల బొత్తాం లాంటిదేదో అతికించి ఉంది, గొళ్ళెం తాలూకు ముక్క కాబోలు.

మోటారు సైకిలు కింద పడ్డ ఆడమనిషి. పొట్టలో రక్తస్రావం. సూదులు నేనే పెట్టాను, ఒక్క గుచ్చుకే. సెలైన్ అందుకోబోతే డ్యూటీ డాక్టర్ చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దక్కా, డబ్బా వస్తోంది." డబ్బా వచ్చింది. నాలుగూ నాలుగూ ఎక్కించాం. ఆపరేషన్ గదికి వెళ్ళేటప్పటికి ఆవిడ పెదాలకి రంగు వచ్చింది. అందరూ బ్లడ్ బ్యాంకుకి ఫోను చేసి చప్పట్లు కొట్టారు. ఫోన్లో చప్పట్లు! సూది పెట్టినవాళ్ళకి ఎవరూ కొట్టలేదు.

హారన్ బాబాయ్ గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. మా అంబులెన్స్ డ్రైవరు. పదిహేనేళ్ళుగా ఆయనకీ నాకూ ఒక లెక్క ఉంది. మామూలు కేసయితే గేటు దగ్గర ఒక హారన్. రక్తం పోతున్న కేసయితే మూడు. మూడు వినపడగానే నేను లావు సూదులు విప్పి పెట్టుకుంటాను. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరూ నేర్పలేదు.

"ఏమ్మా సెలైన్ అక్కా, మీ ఇంట్లోంచే ఎర్ర డబ్బా వచ్చిందిగా. ఇక నీ కుళాయి కట్టేసినట్టేనా?" అన్నాడు.

గదంతా నవ్వింది. నేనూ నవ్వి, చేతిలో ఉన్న దూది ఉండ ఆయన మీదకి విసిరాను. లోపల మాత్రం భగ్గుమంది.

మార్చి 7

ఏమీ లేదు. బాబాయ్ అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది.

మార్చి 10, సోమవారం

రెండో అంతస్తు మీంచి పడ్డ రంగులేసే అతను వచ్చాడు, మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి. డబ్బా తెప్పించారు. తీరా చూస్తే చెయ్యి విరిగింది, అంతే. రక్తం అక్కర్లేకపోయింది. డాక్టరు అతన్ని తీసుకుని ఎక్స్‌రేకి వెళ్ళాడు, ఆయా స్ట్రెచర్ తోసుకుంటూ వెనకే వెళ్ళింది. డబ్బా కిటికీ పక్క బల్ల మీద ఉండిపోయింది. వాడని డబ్బాని వెంటనే తిప్పి పంపాలి. ఆ పని ఫలానా వాళ్ళదని ఎక్కడా రాసి లేదు.

నేను టీకి వెళ్ళాను. మూడున్నరకి ఆయా డబ్బా వెనక్కి తీసుకెళ్ళింది. ఎనిమిది చుక్కలూ ఎర్రగా ఉన్నాయట. ఎనిమిది బ్యాగులూ పారేశారు.

మూత ఎవరు తీశారో నేను చూడలేదు.

మార్చి 11

సూపరింటెండెంట్ గదిలో గంటసేపు నిలబెట్టారట మా తోటికోడల్ని. మంచు దిమ్మలు సరిగా గడ్డకట్టకుండానే సర్ది పంపిందని ఆయన తేల్చాడు. ఎనిమిది మంది ఎండలో నిలబడి ఇచ్చిన రక్తం చెత్తకుండీ పాలు చేశావన్నాడట. ఇవాళ్టి నుంచి డబ్బా బంద్. మళ్ళీ పాత పద్ధతే, శాంపిల్ పంపాలి, కాగితం పంపాలి, పరీక్ష అయ్యాక రక్తం వస్తుంది.

మా గదిలో స్టాండుకి రెండు సెలైన్ బ్యాగులు నేనే తగిలించాను. చాలా రోజులకి మనసు కుదుటపడింది.

మార్చి 12

నిద్ర లేదు. ఉక్కపోత.

మార్చి 14

పైనుంచి అత్తయ్య దిగి వచ్చి, "చిన్నది అన్నం ముట్టడం లేదే. నువ్వైనా వెళ్ళి ఒక మాట చెప్పు, ఒకే ఆసుపత్రిలో పని చేస్తారు కదా," అంది.

వెళ్ళాను. వెళ్ళలేదని ఎవరూ అనకూడదు. బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. "జరుగుతుంటాయి ఇలాంటివి, మనసులో పెట్టుకోకు," అన్నాను. నా గొంతు నాకే తియ్యగా వినపడింది.

అది దుప్పటి దులిపి, నా వైపు చూసి, "ఆ రోజు డబ్బా ఎక్కడ పెట్టారక్కా?" అంది.

"కిటికీ పక్కన."

"మూత?"

"నేను చూసేసరికి తీసే ఉంది," అన్నాను.

అది దుప్పటి రెండో కొస నా చేతికిచ్చింది, ఇద్దరం పిండాం.

తీసి ఉండగా చూశాను, నిజమే. తీసి ఉండగా చూసి మూత పెట్టలేదు. ఒప్పుకుంటాను. పెట్టే పని నాది కాదు.

మార్చి 18

వార్డులో ఎవరో "మూత" అన్నారు. మందు సీసా మూత. నేను ఉలిక్కిపడి, "నాకేం తెలుసు?" అన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఆయా నా వైపు వింతగా చూసింది.

పన్లో పని ఇంకొకటి. ఈ వారంలో రక్తం పోతున్న కేసు ఒక్కటీ రాలేదు. గేటు దగ్గర ఎప్పుడూ ఒక్క హారనే. దేవుడు నా పక్షానే ఉన్నాడు.

మార్చి 22, శనివారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

పది నలభైకి అంబులెన్స్ వచ్చింది. హారన్ లేదు. ఒక్కటీ లేదు. బండి సరాసరి గుమ్మం దాకా వచ్చి ఆగింది. నడుపుతున్నది ట్రాఫిక్ కానిస్టేబుల్. వెనక పడుకుని ఉన్నది హారన్ బాబాయ్.

రోడ్డు మీద ఎవరినో ఎక్కించుకోవడానికి వెనక తలుపు తీస్తుంటే, రివర్సులో వచ్చిన లారీ బాబాయ్‌ని తన బండికే నొక్కేసిందట. కుడి తొడ దగ్గర్నుంచి కింది దాకా మాంసమూ బట్టా కలిసిపోయి ఉన్నాయి. బీపీ అరవై. మనిషి తెల్లగా పాలిపోయాడు. నన్ను చూసి, "సూదులు విప్పావా?" అన్నాడు. విప్పలేదు. మూడు హారన్లు వినపడలేదుగా.

నరం ఎక్కడా చేతికి తగల్లేదు. కళ్ళు మూసుకుని వేలితో వెతికాను. కుడి చెయ్యి, ఒక్క గుచ్చు. ఎడమ చెయ్యి, ఒక్క గుచ్చు. రెండూ దక్కాయి. "శాంపిల్ పరిగెత్తించండి!" అని డాక్టరు అరిచాడు. ఆయా పరిగెత్తింది. నలభై నిమిషాలు.

కట్టు బిగించాం. సెలైన్ మొదటి లీటరు పిండాను. బీపీ ఎనభై అయింది. నాకు అలవాటైన సంతోషం ఒక్క క్షణం కలిగింది కూడా. రెండోది సగమయ్యేసరికి కట్టులోంచి కారుతున్నది చూశాను. అది రక్తంలా లేదు. ఎర్ర చీర మొదటిసారి ఉతికిన నీళ్ళలా ఉంది. గడ్డకట్టడం లేదు. ఒళ్ళు చల్లగా అయిపోయింది, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. పాలల్లో నీళ్ళు అని మైకులో అన్న మాట ఎవరో నా చెవిలో మళ్ళీ అన్నట్టయింది.

నేను సెలైన్ కట్టేశాను. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఎవరూ చెప్పకుండా. "ఇంక వద్దు డాక్టర్, రక్తం కావాలి," అన్నాను. అతను ఫోను పట్టుకుని బతిమాలుతున్నాడు. పరీక్ష కాలేదట, కాగితం మీద సంతకం లేదట.

బాబాయ్ "చలి, తల్లీ," అన్నాడు. తర్వాత పలకలేదు.

అప్పుడు తలుపు తోసుకుని వచ్చింది. తనే, రెండు చేతులా ఎర్ర డబ్బా మోసుకుంటూ, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా. మెట్ల మీద జారుతున్నాయని వదిలేసిందట.

"కాగితం లేదు. బంద్ చేసిన డబ్బా ఇది. తిడితే నన్ను తిట్టనీ. ఎక్కించక్కా," అంది.

బ్యాగు మీది నంబరు ఒకరు చదవాలి, రిజిస్టరులోది ఒకరు చదవాలి, రెండూ కలిస్తేనే ఎక్కించాలి. బాల్కనీలో ఆ దుప్పటి పిండిన తర్వాత మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు. ఇప్పుడు మొహంలో మొహం పెట్టి చదివాం. అది "ఓ" అంటే నేను "ఓ". అది "నాలుగు, ఏడు, సున్నా, రెండు" అంటే నేను "నాలుగు, ఏడు, సున్నా, రెండు". ఎనిమిది బ్యాగులకీ ఎనిమిది సార్లు.

నేను ఒక్కో బ్యాగు తీసినప్పుడల్లా అది మూత పెట్టేసింది. ప్రతిసారీ.

నాలుగో బ్యాగు వెళ్తుండగా బాబాయ్ కళ్ళు తెరిచాడు. ఎనిమిదీ ఎక్కాక ఆపరేషన్ గదికి తీసుకెళ్ళిపోయారు. మేమిద్దరం ఖాళీ డబ్బాకి అటొకరం ఇటొకరం నిలబడ్డాం. దాని పాదాలకి బాబాయ్ రక్తం అంటుకుని ఉంది. కడుక్కోమని చెప్పాలనుకున్నాను.

మార్చి 23

బతికాడు. కాలు తీసేశారు, మోకాలి పైన.

సర్జన్ చేతులు కడుక్కుంటూ మామూలుగా అన్నాడు, "ఇరవై నిమిషాల ముందు రక్తం పడుంటే కాలి సంగతి చూసేవాళ్ళం. ప్రాణం నిలబెట్టేసరికే సరిపోయింది," అని. నా వైపు చూసి అనలేదు. ఎవరి వైపూ చూడలేదు.

బాబాయ్ భార్య నా చేతులు రెండూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంది. "మీ చేతి చలవే," అంది. చేతులు వెనక్కి లాక్కుంటే బాగుండదని అలాగే ఉంచాను.

మార్చి 24

విచారణ అట. కాగితం లేకుండా రక్తం బయటికి పంపినందుకు మా తోటికోడలి మీద. అంతకుముందు ఎనిమిది బ్యాగులు పాడుచేసినది కూడా కలిపి. ఉద్యోగం పోవచ్చంటున్నారు. ఎల్లుండి సూపరింటెండెంట్ ముందు నిలబడాలి.

ఇంట్లో అత్తయ్య దేవుడి ముందు కూర్చుంది. మరిది కిందకి దిగి వచ్చి, "వదినా, నువ్వు సీనియర్‌వి కదా, నీ మాట వింటారు, ఒక్క ముక్క చెప్పవా?" అన్నాడు. ఈ అబ్బాయి తన పదేళ్ళప్పటి నుంచి నాకు తెలుసు. లెక్కలు రాకపోతే నా దగ్గరికే వచ్చేవాడు. "చూస్తాను," అన్నాను.

మార్చి 25

బ్లడ్ బ్యాంకుకి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాల వేళ, ఎవరూ లేరు. ఫ్రిజ్‌ల మోత తప్ప చప్పుడు లేదు. అది బల్ల దగ్గర లేబుళ్ళు కత్తిరిస్తోంది.

ఏం చెప్పాలనుకుని వెళ్ళానో నాకే తెలియదు. "రేపు సూపరింటెండెంట్‌తో నేను మాట్లాడనా?" అన్నాను.

అది సొరుగు లాగి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. గీతల కాగితం. గీత చాలా దూరం నేల మీద పడుకున్నట్టు సాఫీగా వెళ్ళి, ఒక చోట నిటారుగా లేచింది.

"మూత లోపల నల్లగా ఒకటి ఉంటుంది చూశావా? ఐదు నిమిషాలకోసారి వేడి ఎంతుందో రాసుకుంటుంది. పదో తారీఖున డబ్బా తెరుచుకున్నది రెండూ పదికి. డాక్టరు, ఆయా రెండూ ఐదుకి ఎక్స్‌రేకి వెళ్ళారు. రిజిస్టరులో ఉంది."

గొళ్ళెం ముక్క అనుకున్నాను.

"ఎప్పుడు చూశావు?" అన్నాను.

"ఆ సాయంత్రమే."

"పదిహేను రోజులా! మరి సూపరింటెండెంట్‌కి చూపించలేదేం?"

"చూపిస్తే నిన్ను ఆ గదిలోంచి తీసేస్తారు." కత్తెర పక్కన పెట్టింది. "నేను పది డబ్బాలు పంపిస్తానక్కా. లోపలికి పోయే దారి పెట్టేదెవరు? మొన్న బాబాయ్‌కి ఇంకెవరైనా పెట్టగలిగేవాళ్ళా? నా వల్ల అయితే కాదు. ట్రైనింగులో ఒక ముసలాయన్ని ఆరుసార్లు గుచ్చి ఏడిపించాను. సూదులంటే భయపడే ఇక్కడ చేరాను."

కింద పడ్డ లేబుల్ ముక్క ఏరి బల్ల మీద పెట్టాను.

"ఇంకొకటి. ఆ గోడ కేసు మైకులో చెప్పకుండా ఉండాల్సింది. నువ్వు ఎదురుగా కూర్చున్నావని తెలిసే చెప్పాను. ఇంట్లో, ఆసుపత్రిలో, ఎక్కడ చూసినా పెద్దామె చెయ్యి, పెద్దామె చెయ్యి. అత్తయ్య కూడా, నేను బీపీ చూస్తే, పెద్దది ఇంత గట్టిగా బిగించదు అంటుంది. ఒక్కరోజైనా నిన్ను దాటి నన్ను చూడాలనిపించింది." ముక్కు చీదుకుంది. "నువ్వే చెప్తావనుకున్నాను. దుప్పటి పిండిన రోజు చెప్తావనుకున్నాను. బాబాయ్ అయ్యాక చెప్తావనుకున్నాను."

ఏడుపు రావాలి. ఒళ్ళు మండింది. నా తప్పు తన కడుపులో పెట్టుకుని, తిట్లు తను తిని, మెట్ల మీద చెప్పుల్లేకుండా పరిగెత్తి, ఇప్పుడు తనే క్షమాపణ కూడా చెప్తోంది. ఇందులోనూ నాకంటే ఒక మెట్టు పైనే. నాకంటూ ఏమీ మిగల్చదా ఇది?

"ఆ కాగితం ఇలా ఇవ్వు," అన్నాను.

అది ఇచ్చేసింది. చింపేస్తానేమో అని కూడా అనుకోలేదు. లేదా అనుకునే ఇచ్చింది.

మార్చి 26

పొద్దున్న ఎనిమిదికి సూపరింటెండెంట్ గదికి వెళ్ళి ఇచ్చిన కాగితం నకలు:

'మార్చి పదో తారీఖున రెండూ పదికి ఎర్ర డబ్బా మూత నేనే తీశాను. లోపల ఎలా సర్దారో చూద్దామని, తప్పు దొరుకుతుందేమో అని తీశాను. తప్పు దొరకలేదు, చాలా చక్కగా సర్ది ఉంది. మూత తిరిగి పెట్టలేదు. కిటికీ తెర పక్కకి జరిపి, ఎండ డబ్బా మీద పడేలా చేసి టీకి వెళ్ళాను. బ్లడ్ బ్యాంకు వారి తప్పు ఏమీ లేదు. వేడి నమోదు కాగితం జతపరిచాను.'

తెర సంగతి ఆ గీతల కాగితంలో లేదు. ఎవరికీ తెలియదు. ఈ డైరీకి కూడా తెలియదు. అదొక్కటీ నా అంతట నేను చెప్పాను.

ఏప్రిల్ 3

ఇంక్రిమెంటు ఆపారు. ఎమర్జెన్సీ గది నుంచి తీసేసి, బయటి రోగులకి పరీక్షల కోసం రక్తం తీసే కౌంటరులో వేశారు. షుగరు, థైరాయిడ్, జ్వరం. నరాలు తాళ్ళంత లావున ఉంటాయి, కళ్ళకి గంతలు కట్టి పెట్టొచ్చు.

డబ్బా మళ్ళీ మొదలయింది. నా కౌంటరు ముందు నుంచే వెళ్తుంది. ఇవాళ రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ మూత గట్టిగా పెట్టి ఉంది. చూశాను. అసూయగా ఉంది. మొదటి రోజు రాసిన మాట కొట్టేస్తున్నాను.

ఇంట్లో అత్తయ్య బీపీ పరికరం నా బల్ల మీద పెట్టి, చెయ్యి చాపి కూర్చుంది. గట్టిగా బిగించకుండా చూశాను.

ఏప్రిల్ 11

కొత్త డ్రైవరు కేసు ఏదైనా సరే ఊరంతా దద్దరిల్లేలా హారన్ కొడతాడు. ఎన్నిసార్లో లెక్క లేదు. మూడు వినపడ్డప్పుడల్లా నా చెయ్యి సూది కోసం బల్ల మీద వెతుకుతోంది.

బాబాయ్‌కి చెప్పాలి. ఆసుపత్రంతా తెలుసు, ఆయనకి ఎవరూ చెప్పలేదు. నాకు వదిలేశారు.

ఏప్రిల్ 28, సోమవారం

బాబాయ్ వచ్చాడు, చక్రాల కుర్చీలో, రక్త పరీక్షకి. భార్య డబ్బు కట్టి చీటీ తేవడానికి వెళ్ళింది.

"ఏమ్మా, నిన్నిక్కడ పడేశారా? నేను లేనని మూడు హారన్లు కొట్టేవాడు దొరకలేదా?" అని నవ్వాడు. "పర్లేదులే, హారన్ కొట్టేది చేత్తోనే కదా, కాలితో కాదుగా. మళ్ళీ వస్తా."

చెప్పాను. నిలబడే చెప్పాను. మూత, తెర, టీ, ఎనిమిది బ్యాగులు, డబ్బా బంద్, ఇరవై నిమిషాలు. ఎందుకు చేశానంటే దాని మీద అసూయతో చేశానని, ఆయన కుళాయి అని నవ్విన మాట కూడా గుచ్చుకుందని చెప్పాను. ఒక్కటీ మిగల్చలేదు.

ఆయన మడిచి పిన్నీసు పెట్టిన ప్యాంటు కాలు వైపు చూస్తూ కూర్చున్నాడు. వెనక లైనులో ఎవరో దగ్గారు. తర్వాత పాత చొక్కా చెయ్యి కిందకి లాక్కుని, "ఆ చిన్నమ్మాయిని పిలు. తను తీస్తుంది," అన్నాడు.

ఇంతకంటే పెద్ద శిక్ష సూపరింటెండెంట్‌కి తోచలేదు. ఫోను చేసి పిలిచాను.

అది వచ్చింది. సంగతి అర్థమై మొహం పాలిపోయింది. ఆయన ముందు వద్దనలేక సూది పట్టుకుంది. మొదటి గుచ్చు తప్పింది. బాబాయ్ పళ్ళు బిగించాడు. రెండో గుచ్చు నరం పక్కకి జారి ఉబ్బింది. నేను రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. నాలో ఒక పాడు మూల సంతోషించింది, అదీ రాసుకుంటున్నాను.

అది సూది ట్రేలో పడేసి, కొత్తది విప్పి, నా వైపు చాపింది. "నా వల్ల కాదు బాబాయ్. ఆ రోజు కూడా నా వల్ల కాలేదు. అక్కే పెట్టింది," అంది.

నేను వెంటనే తీసుకోలేదు. బాబాయ్ వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. కిటికీ బయట గేటు వైపు చూస్తున్నాడు. కానీ చెయ్యి బల్ల మీద నుంచి తియ్యలేదు. సూది అందుకున్నాను.

వేలితో వెతికాను. ఒక్క గుచ్చుకే దొరికింది.

దూది పెట్టి నొక్కి పట్టుకున్నాను. రెండు నిమిషాలు చాలు. ఆయన చాలు అంటాడేమో అని చూశాను. అనలేదు. భార్య చీటీ తీసుకుని వచ్చేదాకా అలాగే పట్టుకున్నాను.